పదకొండు చింతపిక్కలు

మా కెజియాకి ఆరేళ్ళు.
ఏడుపంటూ మొదలెడితే
మాధవాయిపాలెం రేవులో పంటు హారను కూడా వినపడదు.
కొట్టు ముందు మట్టిలో కాళ్ళు తన్నుకుంటే
నలుగురూ చూస్తున్నారని
కారపు గొట్టాల పొట్లం కొనిచ్చేదాన్ని.
అంగన్‌వాడీ రాహేలు టీచరు ఓసారి చూసి
"అదేంటమ్మా, ఏడుపుకి కూలి ఇస్తున్నావు" అంది.
"కూలి దొరికే పని ఎవరు మానతారు?"

కూలి సంగతి నాకు తెలుసు.
ఇరవై ఏళ్ళుగా కొక్కెం సూదితో లేసు అల్లుతున్నాను,
డజను పువ్వులకి ఇంతని.

ఆవిడే చెప్పింది:
హార్లిక్స్ సీసా ఒకటి కడిగి పెట్టు.
చెప్పకుండానే చెప్పులు గూట్లో పెడితే ఒక చింతపిక్క,
తమ్ముణ్ణి కొరక్కుండా పొద్దు గూకితే రెండు.
ఏడ్చిందా, అటు చూడకు.
ముందు ఇంకా పెరుగుతుంది. బెదరకు.

పెరిగింది. అబ్బో!
అమావాస్యకి వశిష్ఠలో పోటెక్కినట్టు
గడప దాటి, అరుగు దాటి, వీధంతా.
మూడో రోజు మా అత్త తలుపు చాటునుంచి
"అది గుండె కాదు, సరుగుడు మొద్దు" అంది, నన్నే.
నాలుగో రోజు పిల్ల మధ్యలో ఆపి
నేను చూస్తున్నానో లేదో చూసింది.
సూది మీంచి కళ్ళెత్తలేదు.
ఆ వరసలో ఎన్ని కుట్లు తప్పాయో
తర్వాత విప్పుకున్న నాకే తెలుసు.
ఆరో రోజుకి పాటు తీసింది.
తడి బురదలో పీతపిల్లలు బయటికొచ్చినట్టు
చిన్న చిన్న మాటలు వచ్చాయి:
"అమ్మా, ఆకలి."
"అమ్మా, వాడు నా బొమ్మ లాక్కున్నాడు."

ఆయన రొయ్యల చెరువు కాపలా నుంచి
తెల్లారగట్ల వచ్చి, పిల్ల నిద్రపోతుంటే
ముద్దొచ్చిందని గుప్పెడు పిక్కలు వేసేశాడు.
మేత ఎక్కువైతే చెరువడుగు నల్లబడుతుందని
ఊరందరికీ చెప్పే మనిషి!
ఒక్కొక్కటే లెక్కపెట్టి బయటికి తీయించాను.

నా చిన్నప్పుడు సీసాలు లేవు.
గోడకుర్చీ ఉండేది, కొబ్బరి ఈనె ఉండేది.
మా అమ్మ ఎందుకు కొట్టిందో ఒక్కటీ గుర్తు లేదు.
ఈనె గాలిని చీల్చిన చప్పుడు ఉంది.

సీసా సగం నిండాక ఇంకో తంటా.
తాతకి మంచినీళ్ళు ఇయ్యవే అంటే
"ఎన్ని పిక్కలు?" అంది.
అచ్చం నా గొంతు,
గురువారం ఏజెంటు గుమ్మంలో నేనడిగే గొంతు.
టీచర్ని అడిగితే ఆవిడకీ తోచలేదు,
గొడుగు తిప్పుతూ నించుంది.
నీళ్ళకి పిక్కలుండవని నేనే చెప్పాను.
మూతి ముడుచుకునే తీసుకెళ్ళింది.
తాత తాగి, "చల్లగా ఉన్నాయే తల్లీ" అన్నాడు.
ఖాళీ గ్లాసు వంక అది చాలాసేపు చూసింది.

మొన్న ఆదివారం దేనికో కోపమొచ్చి
నా దారపుండ కాలవలోకి విసిరేసింది.
చెయ్యి లేచింది.
లేచిన చేతిని ఏం చెయ్యాలో తెలీక
జడ ముడేసుకున్నాను.
"నడు" అన్నాను.
గుర్రపుడెక్క మధ్యలోంచి ఇద్దరం తీశాం.
సబ్బేసి అదే ఉతికింది, తీగ మీద అదే ఆరేసింది.
చీకటి పడేదాకా రెండు చేతులూ చాపి
దారం పట్టుకు నించుంది, నేను ఉండ చుట్టాను.
ఆటకి పిలిచిన పిల్లలు పిలిచి పిలిచి పోయారు.
ఒక్క మాటా అనలేదు. నాకదే కష్టమయింది.

ఎంత ఉతికినా కొంత టీ రంగు మిగిలింది.
గురువారం ఏజెంటు సత్తిపండు
బల్లగుడ్డని ట్యూబులైటు కింద తిప్పి తిప్పి
అంచున మరక మీద గోరు పెట్టి
పదకొండు రూపాయలు కోశాడు.
పిల్ల నా కొంగు పట్టుకుని వింది.

రాత్రి కంచాలు కడుగుతుంటే
వెనకాల సీసా మూత చప్పుడు.
పీట మీద వరసగా పేర్చింది:
తొమ్మిది, పది,
ఒకటి చేతిలో కాసేపు ఆగి, పదకొండు.
"ఏజెంటు కోసినవి" అంది.

వద్దులే అన్న మాట గొంతు దాకా వచ్చింది.
అనలేదు. తీసుకుని కొంగున ముడేశాను.
సీసాలో నాలుగే మిగిలాయి.
రంగుపెన్సిళ్ళ పెట్టెకి పాతిక కావాలి.
ఆ లెక్క దానికి తెలుసు.

దీపం ఆర్పాక చీకట్లో అడిగింది:
"మరక లేనప్పుడు ఏజెంటు ఎన్ని వేస్తాడమ్మా?"

జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది.
కొంగుముడి నడుం కింద
గుచ్చుకుంటూనే ఉంది.