డిసెంబరులో మంచు పడదు

చిలోయే దీవిలో, దల్కావే రేవు పక్క సంతలో
నలుగురు ఆడవాళ్ళకి నేనే ఫోను.
ఓర్ఫెలీనాది ఉన్ని. నెల్దాది ఆపిల్ జామ్.
రొసాల్బా బల్ల మీద పొగబెట్టిన ఆల్చిప్పల దండలు.
చివర, చూరు కారే చోట, ఎడిత్ నారబుట్టలు.
వాళ్ళు చేస్తారు.
నేను ఫొటో తీసి కింద రెండు ముక్కలు రాస్తాను.
జీతమంటే జామ్ సీసా,
చేతిలో డబ్బాడితే ఓ నోటు,
ఆడకపోతే "రేపు చూద్దాం యస్నా".

శాంటియాగోలో శిక్షణ ఇచ్చినామె
కాలెండరొకటి చేతిలో పెట్టి పంపింది.
నెలకి నాలుగు గళ్ళు.
ఏ గడిలో ఏం చెప్పాలో ముందే అచ్చేసి ఉంది.
డిసెంబరు: మంచు, వేడి చాక్లెట్, ఎర్ర మేజోళ్ళు.
మార్చి: తొలి పూలు.
అక్టోబరు: రాలే ఆకులు.

గట్టిగా చదివాను.
ఓర్ఫెలీనా కదురు ఆపలేదు.
"ఇది రాసినావిడ
తలకిందులుగా నిలబడి రాసిందా?" అంది.

డిసెంబరులో మాకు గొర్రెల క్షవరం.
రాత్రి పదింటిదాకా పొద్దు గుంకదు.
కత్తెర చప్పుడు, జిడ్డు వాసన,
బొచ్చు పోయిన గొర్రెలు
ఒకదాన్నొకటి గుర్తుపట్టక అరుచుకోవడం.
మార్చిలో పూలెక్కడివి?
గోనెల నిండా ఆపిల్ పళ్ళు, గోనెల చుట్టూ కందిరీగలు,
నెల్దా వేళ్ళు ఈస్టరుదాకా తెల్లబడవు.

సరే, కాలెండరు వెనక్కి తిప్పి
తెల్లటి వైపు మా నెలలు రాసుకుంటూ పోయాను.
జూన్ దగ్గర కలం ఆగింది.

జూన్ అంటే వాన.
తుంపరగా మొదలై, జల్లై, జడివానై
చివరికి వదలని ముసురై
ఎదురు దీవిని చెరిపేసింది.
ఉన్ని ఆరదు. పడవ రాదు.
పడవ రాకపోతే కొనేవాళ్ళూ రారు.

"ఏం రాయను?"
"ఏమీ లేదని రాయి."
"ఏమీ లేదంటే ఎవరు చూస్తారమ్మా?"
"లేనిది లేదనడానికి సిగ్గెందుకే?"

పొయ్యి మీద తీగకి వేలాడే తడి ఉన్ని చిలపలు,
వాటి నుంచి లేచే ఆవిరి తీశాను.
*ఈ వారం ఆరలేదు. ఆరాక చెబుతాం.*
పదకొండుమంది చూశారు.
ఎక్కడో పుంతా అరేనస్ నుంచి ఒకామె మాత్రం రాసింది:
*ఇక్కడా అంతే.*
ఆమె ఏం అమ్ముతుందో మేం అడగలేదు.
ఆ రెండు మాటలు నెల్దా
రోజంతా నాచేత నాలుగుసార్లు చదివించుకుంది.

ఇదంతా విని ఎడిత్ మారిందనుకోకండి.
డిసెంబరు రాగానే బుట్టల మీద దూది పరిచి
"తియ్యి, ఇది మంచు" అంది.
చెమట తుడుచుకుంటూ తీశాను.
ఆ దూది ఆరు బుట్టలు అమ్మిపెట్టింది.
ఓర్ఫెలీనా ఏమైనా అంటుందేమోనని చూశాను.
"బుట్టలు నిజమేగా" అని
తన వాకిట్లో గొర్రెల వైపు వెళ్ళిపోయింది.

కాలెండరు ఇప్పుడు రెండువైపులా నిండింది.
ఒకవైపు వాళ్ళ మంచు, ఒకవైపు మా బురద.
ఎడిత్ ఒక వైపు చూస్తుంది, మిగతావాళ్ళు ఇంకో వైపు.
సెప్టెంబరులో మాత్రం ఒక గడి
ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలాను.

ఆ సెప్టెంబరులో, తెల్లారకముందే ఫోను మోగింది.
"నీ గడి పుట్టింది, రా."
బూట్లు వెతుక్కుని పరిగెత్తాను.
లాంతరు వెలుగులో, గడ్డి మీద,
నిలబడాలా వద్దా అని కాళ్ళు వణికించుకుంటూ
నల్లటి గొర్రెపిల్ల.
ఫొటో కదిలిపోయింది. ఇంకోటీ కదిలిపోయింది.

"కింద ఏమని రాయను?"
పిల్లని గోనెపట్టాతో రుద్దుతూ
ఓర్ఫెలీనా తల కూడా ఎత్తలేదు.
"అమ్మకానికి కాదని రాయి.
ఉన్ని సంగతంటావా,
పై డిసెంబరుకి చూద్దాం."