గురువారం, ఒక గంట

కంపెనీ కాగితం పంపింది:
ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి
చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి నేర్పుతారు.
నా వంతుకి యమీలా పడింది.
ఇరవై మూడేళ్ళు. ముక్కుకి వెండి రింగు.
మోంతెవిదేయో పాతబస్తీలో నేను మొదటి లిఫ్టు విప్పేనాటికి
వాళ్ళమ్మ ఇంకా బడికి పోతూ ఉండాలి.

మొదటి గంటంతా నా వేలితోనే సరిపోయింది.
ఎంత నొక్కినా ఆ గాజు పలక నన్ను గుర్తుపట్టలేదు.
నలభై ఏళ్ళ ఇనప తాళ్ళు, గ్రీజు
వేలిముద్రని ఎప్పుడో అరగదీశాయి.
దాని లెక్కలో నేను లేను.
నవ్వుతుందనుకున్నాను.
"మా తాతక్కూడా అంతే, వలలు లాగేవాడు.
వేలు కాస్త తడి చేసుకోండి" అంది.
మాతే తాగే సొరబుర్ర పక్కన పెట్టి
అరవై రెండేళ్ళ వేలిని నాలిక్కి అద్దుకున్నాను
పలకా బలపం నాటి పిల్లాడిలా.

లోపాల పట్టికలు, రంగు గీతలు
అన్నీ వచ్చేశాయి, ఇంచుమించు.
నేను చెప్పదలచుకున్నది అది కాదు.

ఆగస్టులో, నది మీంచి గాలి కోస్తున్న రోజు
సరాందీ వీధిలో ఎనిమిదంతస్తుల మేడ.
నాలుగుకీ అయిదుకీ మధ్య
ఖాళీ లిఫ్టు ఆగి వణుకుతోంది.
ఎందుకిలా? అని అడిగింది ఇంటామె.
నేను నోరు తెరిచేలోగా యమీలా అనేసింది,
టైమెంతయిందో చెప్పినంత తేలిగ్గా:
"తెలీదు. చూసి చెప్తాను."

ఇంటామె తలూపింది. అంతే.
మేడ కూలలేదు.

ఎనభై తొమ్మిదిలో నెల్సన్ అడిగాడు,
కరెంటు తీశారా, తెలుసా అని.
తెలుసన్నాను.
తెలుసు అనేది మా పనిలో యూనిఫారం,
విప్పి తిరగం.
కప్పీ తిరిగింది. రెండు వేళ్ళు.
ఇప్పుడు పాందోలో పూలమ్ముతాడట.
నేనా దారిన వెళ్ళను.

పిల్లకి ఇదేదీ చెప్పలేదు.
పై గదిలో మోటారు పక్కన చతికిలబడి
"మీకేమనిపిస్తోంది?" అంది.
చప్పుడు విన్నాను. మీట దించాను.
బ్రేకు కావచ్చు. కాకపోవచ్చు.
గొంతులో చేపముల్లులా ఏదో అడ్డం పడింది.
ఆమెకి కాదు, గుంటలోకి వంగి
చీకటికి చెప్పాను:
తెలీదు.

ఎనిమిదంతస్తులూ దిగింది ఆ మాట.
ఎక్కడా తెగి పడలేదు.

"కరెంటు తీశారా?" అడిగింది యమీలా
సంచిలో టార్చి వెతుక్కుంటూ.
నా చేత్తోనే తీశాను.
అయినా లేచి
మళ్ళీ చూసి వచ్చాను.