ఎంతకీ ఆరనివాడు

చిలోయే దీవి ఒడ్డున
సముద్రం విసిరేసిన కట్టెలు తెచ్చి రాజేశాం.
ఉప్పుకి మంట నీలంగా నాలుక చాస్తోంది.

ఎర్మెలిందా అత్త గొంతు తగ్గించింది.
"పొగమంచు రాత్రుల్లో వస్తాడు.
ముందు తడిబూట్ల చప్పుడు,
చలప్... చలప్...
తర్వాత నాచు వాసన.
మంట పక్కనే కూచుంటాడు.
ఎంతకీ ఆరడు."

రెమీహియో నవ్వబోయి దగ్గాడు.
నేను దుప్పట్లో ముడుచుకుని
ఒక్క కన్ను బయట పెట్టాను.

"అతని పేరేంటి?" అంది చిన్నది, ఆయ్లిన్.

అత్త కథ ఆపేసింది.
అవసరం లేకపోయినా నిప్పులు కెలికింది.
ఆ పేరు పెద్దవాళ్లందరికీ తెలుసు.

ఆయ్లిన్ బూడిదలోంచి బంగాళాదుంప లాగి,
చేతులు మార్చుకుంటూ, ఊదుకుంటూ వెళ్లి
చీకటి వైపు రాయి మీద పెట్టింది.
"కాలుతోంది, మెల్లగా తిను."

రెమీహియో ఏమీ అనకుండా
కాస్త జరిగి చోటిచ్చాడు.