పన్నెండో గడి

ఎలిజిబిలిటీ ఫారంలో పన్నెండు గడులు.
సోమవారంలోగా యూనివర్సిటీకి పోవాలె.
పదకొండు ఫొటోలు అంటించిన.
అందరూ అదే స్టూడియో, అదే నీలి పరదా,
చెయ్యని నేరం ఒప్పుకున్నట్టు ముఖాలు.

ముందు కోర్టు సంగతి:
సుబేదారి రోడ్డు వైపు రింగు
అరంగుళం కిందికి వంగింది.
కోతుల పని. ప్రిన్సిపాల్ సారు నమ్మడు.
పొద్దున ఆరింటికి వస్తే చూపిస్త,
పిల్లను పొట్టకు కరిపించుకొని వేలాడే తల్లికోతిని.
పందొమ్మిదేండ్ల నా సర్వీసులో
ఆ రింగును చేత్తో పట్టింది అదొక్కతే.

ఇగ జట్టు.

గుర్రపు వైదేహి, కొత్తవాడ. ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ.
బంతి ఎటు పోయిందో ఎదుటోళ్లకు తెలిసేసరికి
మనకు రెండు పాయింట్లు.
మగ్గం మీద నాడె లెక్క పాస్ ఇస్తవే అంటే
కోపమొచ్చింది:
"మా మగ్గం అమ్మి ఏడేండ్లాయె మేడం.
ఇది నేను నేర్సుకున్నది."
అప్పటి నుంచి నేను పోలికలు బంద్ పెట్టిన.

బానోతు సునైన కబడ్డీ నుంచి వచ్చింది.
బంతి చేతికి రాగానే ఊపిరి బిగబడుతది.
ఇక్కడ కూత లేదు బిడ్డా, గాలి తీసుకో, అని
గీత అవతల నుంచి నేనే కూత పెడ్తున్న.

సబీహా తరన్నుమ్ పుట్టింది కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల.
గ్యాలరీ మొత్తం అరిచినా రెప్ప వెయ్యదు.
ఫ్రీ త్రోకు ముందు మూడుసార్లు బంతి కొట్టి
ఏదో గూడ్సు బండి పూర్తిగ దాటిపోయేదాక ఆగినట్టు ఆగి
అప్పుడు వేస్తది.

ఈసం రజిత, తాడ్వాయి అవతల. ఐదడుగుల పదకొండు.
హాస్టల్ మంచం మీద కాళ్లు బయటికే.
వచ్చినప్పుడు భుజాలు ముడుచుకొని,
తన ఎత్తుకు తానే మాఫీ అడుగుతున్నట్టు నడిచేది.
ఆ వెన్ను నిలబెట్టనీకి నాకు ఏడాది పట్టింది.
ఇప్పుడు గుమ్మం తగులుతదంటేనే వంగుతది.

పరకాల నుంచి ఇద్దరు, స్వర్ణ, రేణుక.
ఇద్దరికీ ఒక్కటే జత బూట్లు.
ఒకరు దిగితేనే ఒకరు ఎక్కాలె.
సబ్‌స్టిట్యూషన్ అంటే రెఫరీ
లేసులు కట్టేదాక గడియారం చూసుకోవాలె.

నిహారిక కరీంనగర్‌ల ఆడి వచ్చింది.
సర్టిఫికెట్లు పదిహేడు,
పనిచేసే మోకాలు ఒకటి.

మిగతా నలుగురు ఫస్టియర్.
పేర్లు రాసిన గాని ముఖాలు ఇంకా కుదరలే.
ముసురుకు సున్నం గీతలు కొట్టుకపోయినయి,
గీత ఎక్కడుందో వాళ్లకూ తెల్వదు, నాకూ తెల్వదు.
ఒక పిల్ల అడిగింది: "గెలిస్తే ఏమిస్తరు మేడం?"
అరటిపండు, అన్న.
నిజమే చెప్పిన.

నిన్న చౌరస్తాల చీరెల షాపుకు పోయిన.
కొననీకి కాదు.
దుండ్ర అనూష, పోయినేడు మా కెప్టెన్,
రెండో అంతస్తు, కాటన్ సెక్షన్.
పేరు ఇంకా కాలేజీల ఉన్నది. పనేమో పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది.
నన్ను చూసి పదహారు చీరెలు పరిచింది,
సూపర్‌వైజర్ చూస్తున్నడని.
నేను అంచులు చూస్తున్నట్టు తల వంచిన.
ఆమె మడత పెట్టుకుంటనే, పెదవి కదలకుంట అడిగింది:
"రింగు బాగు చేసిన్రా?"
లే.
"అయితే కొత్తోళ్లకు చెప్పున్రి.
అటు దిక్కు వేసేటప్పుడు
జర లోపలికి, బోర్డు మీదికెల్లి."

సెమీస్‌ల పోయింది ఒక్క పాయింటుతోని.
అటు దిక్కే.
ఆ మాట ఆమె అనలే, నేనూ అనలే.

పోయినేటి ఫొటో నా పర్సులనే ఉన్నది.
అదే నీలి పరదా.
బిల్లు కౌంటర్ కాడ, వట్టి చేతులతో నేను తిరుగుతుంటే
"ఆదివారం సెలవు అడుగుత" అన్నదో,
"అడగను" అన్నదో,
ఫ్యాన్ల సప్పుడుల సరిగ్గ వినబడలే.

ఇప్పుడు రాత్రి పదిన్నర.
పన్నెండో గడికి గమ్ము రాసిన.
ఫొటో చేతిలనే ఉన్నది.
గమ్ము ఆరుతున్నది.