పన్నెండో బిళ్ళ

ఎస్పీ రోడ్డు సందులో, మూడు మెట్లు దిగి
నా కొట్లోకి మళ్ళీ వచ్చిందది.
ఒంటి ఇనప చెయ్యి, పగిలిన గాజు మొహం,
కడుపు నిండా ఎలుకల గూడు.
ఆటోలోంచి దింపుతుంటే గల్లుమనలేదు.
ఇన్నేళ్ళకి చూశాం కదా, బిగుసుకుందనుకున్నా.

"బాగుచెయ్యండి అంకుల్, మళ్ళీ పెడదాం"
అంది దేచమ్మ, కరుంబయ్య దొర మనవరాలు.
"డబ్బులు వద్దు, బిళ్ళలే పడాలి.
దాచుకునేవంటే ఇప్పుడు అందరికీ పిచ్చి."
అప్పుడూ బిళ్ళలేనమ్మా.
రూపాయి మింగి ఇత్తడి కక్కేది.
పోలీసులకి బిళ్ళని చూపించేవాళ్ళం,
వచ్చినవాళ్ళు మిగతాది చూసుకునేవాళ్ళు.

పన్నెండు బొమ్మలు:
ఏనుగు, గొడుగు, కత్తెర, రైలింజను,
సీతాఫలం, తేలు, ఇంకా ఏవో.
పన్నెండూ చేర్చినవాళ్ళకి ఏమిస్తారో
గోడ మీద రాసుండేది.
వానకి సరిగ్గా ఆ మాటే ఊడిపోయింది.
ఎవరూ మళ్ళీ రాయమనలేదు,
పన్నెండోది ఎవరికైనా పడితే కదా.

పడదు. ఆ గొట్టంలో నేను వెయ్యలేదు.
"అది ఖాళీగా ఉండనీ ఓబులేసూ" అన్నాడు దొర,
అదేదో కిటికీ తెరిచి ఉంచమన్నట్టు.
మూడొందల జీతగాణ్ణి.
వేరుశనగ నూనె డబ్బాలో పోసి మూత బిగించా.

గంగులప్ప శనివారాలు వచ్చేవాడు
గడియారాల కార్ఖానా నుంచి, గోళ్ళలో నల్లటి నూనెతో.
మీట లాగి, ఇనుముకి చెవి ఆనించేవాడు,
పక్కింటి గొడవ గోడకానుకుని విన్నట్టు.
"లోపల ఒకచోట బోలుగా మోగుతోంది కదా" అనేవాడు.
నేను టీ చెప్పేవాణ్ణి, నా డబ్బుతోనే.
అంతకంటే ఏం చెయ్యలేదు.

బాగుచెయ్యడానికి నెల పట్టింది.
పళ్ళచక్రం ఒకటి నేనే కోశా, రెండుసార్లు తప్పుగా.
ఎలుకల గూట్లో రేసు చీటీల ముక్కలు,
ఎవరిదో ఒక పాలపన్ను.
ఆఖరి రాత్రి నూనె డబ్బా మూత తీశా.
ముప్పై తొమ్మిదేళ్ళు.
లైటు కింద ఒక్కసారిగా పచ్చగా నవ్వాయి.
నెమలి అని పందెం కాసేవాళ్ళు కొందరు,
కిరీటమని కొందరు.
చెంబు.
మనింట్లో ఉండేదే, మూతి కొంచెం వంకర.

చర్చ్ స్ట్రీట్‌లో, కాఫీ కొట్టు మేడ మీద పెట్టారు.
కుర్రాళ్ళు ఫోన్లెత్తి మీటతో ఫోటోలు దిగారు.
గంగులప్ప మెట్లెక్కి రావడానికి చాలాసేపు పట్టింది.
పాత వాచీ పెట్టెలో పదకొండు బిళ్ళలు,
ఒక్కోటి ఒక్కో దూది గుంటలో.
పన్నెండో గుంట దూది మాత్రం తెల్లగానే ఉంది.

ఆరో రూపాయికి పడింది.

కళ్ళద్దాలు తియ్యలేదు, బొమ్మ చూడలేదు.
బొటనవేలితో అంచు ఒకసారి తడిమాడు.
"ఇది లోపల తిరిగింది కాదు.
అంచు ఇంకా కోస్తోంది" అన్నాడు.
నా వైపు చూశాడు.
తిడతాడని సిద్ధమై నిలబడ్డా, తిట్టలేదు.
ఏదో చెప్పబోయా, టీ అనే మాటే వచ్చింది.

చెంబుని గాజు మీద నిలబెట్టాడు,
పెట్టెలో పెట్టలేదు.
"చిల్లరుందా?" అని అడిగి
మళ్ళీ చెవి ఆనించాడు.