మగ్గం మీద ఇద్దరం

పాస్టరయ్యా, మీరిచ్చిన కరపత్రాల కట్ట
ఇంకా ట్రంకుపెట్టెలనే ఉన్నది.
రబ్బరుబ్యాండు కరిగి కాయితాలకు అంటుకపోయింది.
మట్టలాదివారం నాడు అందరి ముంగట అడిగిండ్రు,
"ఎంతమందికి చెప్పినవమ్మా సలోమీ?" అని.
వంచిన తల ఎత్తలే.
ఇయ్యాల చెప్త.

ఒక్కామెకు.
అది గూడ సగమే.

కొత్తవాడల మా కార్ఖానాకు మీరు రాలే.
రేకుల కప్పు, ఎండకాలమైతే పెనం.
వెడల్పు జంపఖానా ఒక్కరితోని అయ్యే పని కాదు.
ఒక్క పీట మీద ఇద్దరం కూసుంటం,
ఎడమదిక్కు నేను, కుడిదిక్కు బిట్ల కౌసల్య.
నా పేక నడిమిదాక పోతది,
ఆమె పేక ఎదురొస్తది,
ఆడ రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవాలె.
పట్టుకోకుంటే నడుమ చీలిక.
నేను ఆత్రానికి నాలుగు వరుసలు ముందు కొట్టిన్ననుకో,
పట్టె వంకర పోతది,
సేటు కూలి కోస్తడు.
తొమ్మిదేండ్ల సంది పంజా నాకు చెప్పేది ఇదే:
పక్కామె చెయ్యి ఎంతదాక వచ్చిందో చూడు,
అప్పుడు కొట్టు.

మొదటేడు నేను గట్ల లేను, దాచుడెందుకు.
బాప్తిస్మం తీసుకున్న కొత్త ఊపు.
రోజుకొక వాక్యం ఆమె చెవుల పోసేదాన్ని.
"ఊ" అనేది,
నూలు తెగినప్పుడు అన్నట్టే.
ఒకనాడు పంజా కింద పెట్టి అన్నది:
"సలోమీ, నీ దేవుడు మంచోడే గానీ
నన్ను మాట్లాడనియ్యడేందే?"

గా మాటకు నా నోరు మూతపడ్డది.
అప్పుడు గాని వినబడలే:
మొగడు సూరత్ మిల్లుకు పోయి
పండుగకొక ఫోను చేస్తడని,
కుడి మోకాలు రాత్రంత గుంజుతదని,
జాతర సాలు పుట్టి
పదకొండు దినాలు బతికిన బిడ్డకు
మనసులనే ఒక పేరు పెట్టుకున్నదని.
ఆ పేరు మీకు చెప్ప.
నాకు చెప్పింది.

నా కడుపు ఆపరేషనప్పుడు
సంఘమంత ప్రార్థన చేసిండ్రు, కాదన.
ఎంజీఎంల నా మంచం కింద
మూడు రాత్రులు పండింది మాత్రం కౌసల్య.
నేను నిద్రపోయిన్ననుకొని
భద్రకాళి కుంకుమ పొట్లం దిండు కింద దోపింది.
తీసెయ్యలే అయ్యా.
మీరేమనుకున్నా సరే.
ఆమె ఇంట్ల అన్నిటికంటె మంచిది అదే,
అది తెచ్చింది.
గ్లాసు నా పెదాలకు ఆనిచ్చి పట్టుకున్నప్పుడు
ఒక సంగతి తట్టింది:
బావికాడ ఆయన గూడ
మొదలు నీళ్ళియ్యలే,
అడిగిండు.

మొన్న శనివారం కరెంటు పోయింది.
చీకట్ల చేతులు ఒళ్ళె పెట్టుకొని కూసున్నం.
"పొద్దుగాల పీట ఎక్కంగనే
పెదాలు కదిలిస్తవు గదా, ఏమంటవే?"
అడిగింది తానే.
"పేర్లు."
"ఎవరియి?"
"మా పిల్లలయి. సేటుది గూడ."
కిసుక్కున నవ్వింది.
"నీది," అన్న. "ఇగ... నీ బిడ్డది."
నవ్వు ఆగింది.
"ఎప్పటి సంది?"
"నువ్వు చెప్పిన కాడి సంది."

కరెంటొచ్చింది.
ఇంకో మాట అనలే ఆమె, నేను అడగలే.
ఎర్రనూలు ఎక్కియ్యాల్సిన కాడ
నీలం ఎక్కిచ్చింది.
ఇద్దరం కలిసి ఆ వరుస ఇప్పినం.

కట్ట ఇగో, తిరిగి తెచ్చిన.
చదువుకున్న పిల్లలకు పనికొస్తదేమో.
మీ రిజిస్టర్ల నా పేరు ఎదురుంగ
సున్నా రాసుకోండ్రి, బాధ లేదు.
ఆడోళ్ళ కూడికల మాత్రం ఒక్క మాట అడుగుండ్రి,
ఎవరి పక్కన ఎవరు కూసుంటున్నరో,
వాళ్ళ మోకాలు ఏ దిక్కుది నొస్తదో.

నేను పోత. ఆవనూనె కొనాలె.
కుడిదే, మర్చిపోలే.