చిటికెన వేలు

రేషన్ షాపులో మిషను నా వేలిని ఒప్పుకోదు.
బొటనవేలు పెడతాను, తుడిచి మళ్లీ పెడతాను,
"ముద్ర పడట్లేదు నాగూరూ, మీ ఆడమనిషిని పంపు" అంటాడు డీలరు.
పదకొండేళ్లు చీమకుర్తిలో రాయికి నునుపు పెట్టిన చేతులు.
రాయికి మెరుపొచ్చింది,
నా వేళ్ల మీద గీతలు పోయాయి.

ఈ చేతినే చాపమంది సలోమీ సిస్టరు
ఒంగోలు పెద్దాసుపత్రిలో, బాలింతల వార్డు చివర.
"చిటికెన వేలు. గోరు బాగా కత్తిరించుకొచ్చావా?"
మూడుసార్లు సబ్బుతో కడిగినా
గోటి మూలల్లో నల్లపొడి.
"మురికి కాదమ్మా, రాయి" అన్నాను.
వేలిని వెలుతురుకి తిప్పి చూసి
మళ్లీ కడగమంది.

వాడికి పంతొమ్మిదో రోజు.
రొమ్ము నోట్లో పెడితే పట్టు దొరకదు,
టక్ టక్‌మని జారిపోతుంది,
పాలకన్నా గాలే ఎక్కువ మింగి
పొట్ట బిగదీసుకుని ఏడుస్తాడు.
చనుమొనలు పగిలి
రవిక లోపలి గుడ్డ ఎర్రబడ్డ సంగతి
మౌలాబీ ఐదో రోజుదాకా నాకు చెప్పలేదు.
"పాలు లేవేమో" అన్నారు చూడొచ్చినవాళ్లంతా.
పాలున్నాయి. చీర తడిసేంత ఉన్నాయి.

నాలుక కింద సన్నటి పొర, కొసదాకా అంటుకుని.
ఏడ్చినప్పుడు ఆ కొస
తమలపాకు మొదలులా రెండుగా కనపడేది.
డాక్టరు ఒక్క క్షణంలో తెంచాడు,
రెండు చుక్కల నెత్తురు, అంతే.
ఇక తాగుతాడనుకున్నాం.
తాగలేదు.

"పలుపు విప్పినా దూడ కాసేపు
గుంజ చుట్టూనే తిరుగుద్ది, చూళ్లేదా?" అంది సిస్టరు.
"తాడు తెగిందని నాలిక్కి తెలియాలి గదా.
మనమే చెప్పాలి."

ఎట్లా చెప్పడం?
చెంపల మీద వేళ్లతో గుండ్రంగా రాసి,
పై పెదవిని తాకి, నోరు తెరిచేదాకా ఆగి
(ఆగాలంట, దూర్చకూడదంట)
అప్పుడు చిటికెన వేలు, మెత్తటి వైపు అంగిలికి.
వాడు చప్పరిస్తుంటే నేను కొంచెం వెనక్కి లాగాలి,
వాడు లాక్కోవాలి.
ఆ తర్వాత ఒట్టి ఒంటితో తల్లి గుండెల మీద బోర్లా.
తాగినంత తాగాక, మిగతాది పిండి ఉగ్గుగిన్నెతో,
పొయ్యకుండా, పెదవికి ఆనించి.

మా అమ్మ సైదమ్మ ఊరుకోలేదు.
వసకొమ్ము అరగదీసి తేనె చుక్క కలిపి
"నాలుక తిరక్కపోతే వస పొయ్యాలి గానీ
వేలు పెడతారంట్రా ఎవరైనా?"
తేనె వద్దన్నారమ్మా, వసా వద్దన్నారు అన్నాను.
రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
మూడో రోజు ఉగ్గుగిన్నె మరగబెట్టి తెచ్చింది.
నేను తాగిన గిన్నె. అంచున సొట్ట.

రాత్రి రెండింటికి
మౌలాబీ కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.
దూరంగా రాయి కోసే రంపం అరుస్తూనే ఉంది.
వాడి పెదవి మీద వేలు రాసి ఆగాను.
పది లెక్కపెట్టాను. ఇరవై.
తెరిచాడు.

మొదట చిగుళ్లతో కొరికాడు, పాత అలవాటు.
తర్వాత కింద నుంచి
మెత్తటిదేదో లేచి
నా వేలి చుట్టూ దొప్పలా ముడుచుకుంది,
ముందు నుంచి వెనక్కి పాకింది.
లాగాను. వదల్లేదు.
ఏ మిషనూ చదవలేని చేతిని
అరిగిన చోటల్లా తడిమి చూసుకున్నాడు.

మౌలాబీని లేపాలా వద్దా అనుకునేలోపే
టక్‌మని జారింది.
ఏడుపు. మళ్లీ మొదలు.

ఇవాళ తూకం వేశారు: నలభై గ్రాములు పెరిగాడు.
ఎడమ వైపు ఇంకా చప్పుడొస్తోంది.
అంతా టన్నుల్లో మాట్లాడే యార్డులో
ఎవరికి చెప్పను?
క్రేను మీదుండే ఏడుకొండలికి చెప్పాను.
"అంటే ఎంతరా?" అన్నాడు.
నేల మీద పడున్న రాతి చెక్కు ఒకటి ఏరి
వాడి అరచేతిలో పెట్టాను.